తెర లేని డబ్బా

ఒత్తకున్రి సార్, ఎన్నిసార్లు ఒత్తినా గంతే. తెరుచుకుంటది. మంచిగ తెరుచుకుంటది. మన సొసైటి పేరు అస్తది, నడుమ బట్ట నేసే సాంచ బొమ్మ అస్తది, కింద నీలం అక్షరాలతోని 'స్వాగతం' అని అస్తది. తెరుచుకోకపోతే నాకు ఫికర్ లేకుండె. తెరుచుకునుడే కష్టమైంది. జగిత్యాల కెల్లి గింత ఎండల బస్సెక్కి అచ్చిన్రు, గీ బటన్ ఒత్తనీకే అచ్చిన్రా?

అగో, చూడున్రి. 'డేటా దొరకలేదు' అంటది. ఓకే ఒత్తున్రి. మల్ల ఇంకోటి అంటది. దానికి సుత ఓకే ఒత్తున్రి. ఇగ గళ్లన్ని అస్తయి. పేరు, తండ్రి పేరు, వార్డు, సాంచ నంబరు. కుడిదిక్కు నాలుగు గీతల చౌకంగ ఫోటో జాగ. అన్ని ఖాళీ. మీరు చేసిన స్క్రీనే సార్. పోలీసోళ్లు గీ కంప్యూటర్ను ఎండకాలం కొంచవోయి మొన్ననే తెచ్చిచ్చిన్రు. ఒక్క గీత సుత చెదరలే.

కూసోన్రి. కుర్సి గుంజుకోన్రి. మెల్లగ మాట్లాడుకుందాం. బయట మెట్ల మీద కూసున్నది మా అవ్వ, నన్ను కన్న తల్లి. అచ్చేటప్పుడు చూసిన్రు గద, చేతుల బట్ట సంచి వట్టుకొని, లేచి మీకు దండం వెట్టింది? గామెనే, గంగవ్వ. పొద్దుగాల్నే అచ్చి కూసున్నది. లోపలికి రమ్మంటె రాలే. 'సారు పని చేసుకోనియ్యి, నేను అడ్డమెందుకు' అన్నది.

ఎల్లుండి పెత్రమాస గద. పోయినోళ్ల పేరు మీద బియ్యమియ్యాలె. మా తమ్ముడు రాములు పేరు మీద ఇచ్చుడు ఇదే మొదలు. ఇగ అవ్వ ఏమంటదంటే, గోడకు వాని ఫోటో ఉండాలె అంటది. మొఖం లేకుంట ఎవనికి వెట్టాలె ఇస్తారి అంటది. గంతే సార్. ఒక్క ఫోటో. మీకు నేను పంపిన కబురు గదే.

వివరాలు దాచిన బ్యాక్ ఎండ్ డబ్బ ఎక్కడ అంటున్నరా? చెప్త. దాని కాడికే వస్తున్న. జెర ఆగున్రి. అంతకన్న ముందు మీ మీద నాకు కోపమున్నది, దాన్ని కక్కనియ్యిన్రి.

ఎందుకు విడదీసిన్రు సార్ రెండిటిని?

నవ్వుతున్నరా? నేను నవ్వులాటకు అడుగుతలేను.

గుర్తున్నదా మీకు? జగిత్యాలల మీ కంప్యూటర్ సెంటర్ల నేర్చుకొని నేను గీ సొసైటిల ఆపరేటర్ గ కుదిరిన. సిరిసిల్లల సాంచాల మీద పని చేసేటోళ్లందరికి మెంబరు కార్డులియ్యాలె అన్నరు. పేర్లు, ఫోటోలు కంప్యూటర్ల ఎక్కియ్యాలె. ప్రోగ్రాం ఎవలు రాస్తరంటే నేనే మీ పేరు చెప్పిన. కోరుట్ల పిల్లగాడు, మనోడే, రాజనర్సు సారు మంచిగ రాస్తడు, మోసం చెయ్యడు అని చైర్మన్ ముందల నేనే జమానతిచ్చిన. మీరు బ్యాగేసుకొని అచ్చిన్రు. గీ టేబుల్ కాడనే కూసున్నరు.

గప్పుడు మీరేమన్నరు? 'లీలా, చూపెట్టేటిది వేరే ఉండాలె, దాచిపెట్టేటిది వేరే ఉండాలె. రెండు ఒక్కదాంట్ల కుక్కితే రేపు స్క్రీన్ మీద రంగు మార్చాలన్నా మెంబర్ల వివరాలన్ని కదిలియ్యాలె. విడదీసి వెట్టినమనుకో, ముందటిది ఎన్నిసార్లన్న మార్చుకో, పగలగొట్టుకో, లోపలి మాలు మీద చెయ్యి వడది.' గిదే గద అన్నది? నేను 'ఔ సార్' అన్న. నాకు మస్తు నచ్చింది. మా ఇంట్ల సుత గట్లనే గద, ముందటి అర్రల సాంచ, ఎనుక అర్రల నూలు. సాంచ ఖరాబైతే నూలుకేమైతది?

ఇగ మన చైర్మన్ సారు ఊకున్నడా? ముందు పచ్చ రంగన్నడు. అటెంక ఎర్రగ ఉండాలన్నడు. మీరు ఎర్రగ చేసి తెచ్చినంక ఎవలో ఆయన చెవుల ఊదిన్రు, ఎర్రక్షరాలు చూస్తే పోలీసోళ్లు ఏమనుకుంటరో అని. చెమటలు వట్టినయి ఆయనకు. నీలం చెయ్యమను, జల్ది నీలం చెయ్యమను అని నన్ను పీక్క తిన్నడు. పాపం మీరు ప్రతిసారి జగిత్యాల కెల్లి ఫ్లాపీల కొత్త స్క్రీన్ తెచ్చుడు, పాతది తీసేసుడు. గన్ని సార్లు మార్చినా లోపలున్న మెంబర్లు ఒక్కలు సుత ఎటు పోలే. గప్పుడు మా సారు ఎంత తెలివిగల్లోడు అనుకున్న.

లోపలి మాలు కోసం ఎనుక నూలు అర్రల ఇంకో కంప్యూటర్ వెట్టిన్రు. గోడకు తూటు పొడిచి వైరేసిన్రు. మానిటర్ మీరే ఒకటి తెచ్చి తలిగిచ్చి, అన్ని సెట్ చేసి, మల్ల మీది మీరు పీక్కపోయిన్రు. దీనికొకటి కొందామా అంటే చైర్మన్ ఏమన్నడు? 'ఎవ్వలు చూడని కంప్యూటర్కు తెర దేనికమ్మా, బేకార్' అన్నడు. మీరు సుత 'అవసరం లేదు' అన్నరు. అన్నరా లేదా? అన్నరు. నేను ఈడనే ఉన్న.

మీ తప్పని అంటలేను. నిజంగనే అవసరం లేదు. నాక్కూడ తెలుసు. కోపం ఎవలో ఒకల మీద వెట్టుకోవాలె గద, మీరు దొరికిన్రు. చెల్లెలు అనుకోని సైసున్రి.

ఫోటోలు తీసిన దినం మీరు లేరు. సొసైటోళ్లు చిన్న వీడియో కెమెర తెచ్చి కంప్యూటర్కు తలిగిచ్చిన్రు. రీలు లేదు, కడుగుడు లేదు. ఈడ బటన్ ఒత్తితే ఫోటో వోయి ఎనుక అర్రల డబ్బల కూసునుడే. కార్ఖానాలల్ల పని చేసేటోళ్లంత లైను గట్టిన్రు. తలకాయల నిండ దూది. ఒకలు తుడుచుకోరు, ఒకలు నూనె రాసుకొని జిడ్డు మొఖం తోని అచ్చిన్రు. ఒక తాత అయితే ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతదని కండ్లు మూసుకున్నడు. నవ్వలేక సచ్చిన.

రాములు షిఫ్టు దిగి సక్కగ ఈడికే అచ్చిండు. కనుబొమ్మల మీద దూది, మీసాల మీద దూది. నేను చున్నితోని తుడుస్తుంటె, 'అక్కా, పెండ్లిపిల్లగాన్ని చేస్తున్నవా ఏంది' అన్నడు. నోరు మూసుకోరా, కార్డు మీద పండ్లు కనవడితే చైర్మన్ తిడ్తడు అన్న. మూసుకున్నడు. నేను బటన్ ఒత్తేవరకు మల్ల నవ్విండు. ఎడమదిక్కు పెదవి లేచి ఉంటది. మల్లొకటి తీద్దామనుకున్న గని ఎనుక లైను లొల్లి వెట్టింది. గట్లనే సేవ్ చేసిన.

గంతే. వాని మొఖం ఈ భూమ్మీద ఎక్కడన్న ఉన్నదంటే గాడ ఉండె.

అదేంది, ఇంట్ల ఫోటోలుండవా అంటరా? ఉండె సార్. అందరిండ్లల్ల ఉన్నట్టే ఉండె.

వాడు ఒకనాడు పొద్దుగాల సాంచ బందువెట్టి, ఛాయ తాగొస్త అని పక్కోనికి చెప్పి పోయిండు. మల్ల రాలే. సాంచాల పనికి బీవండి పోయిండని మేము ఊళ్లె చెప్పినం. అందరు 'ఔనా' అన్నరు. ఎవ్వలు నమ్మలే. అడివికి వోయి అన్నలల్ల కలిసిండని మాకు తెలుసు, వాళ్లకు తెలుసు. ఎందుకు పోయిండో, నాకు చెప్పి పోలే. నాకు చెప్తే కాళ్లు వట్టుకొని ఆపుదు.

ఇగ పోలీసోళ్లు ఇంటికి అచ్చుడు షురువాయె. అచ్చినప్పుడల్ల ఫోటోలు. మా చిన్నాయన కొడుకు పెండ్లి ఆల్బం పట్టుకపోయిన్రు, దాంట్ల వాడు బంతిల వడ్డిస్తున్నడని. వేములాడల రాజన్న గుడి కాడ దిగింది పట్టుకపోయిన్రు. బడిల దిగింది పట్టుకపోయిన్రు. సొసైటి కార్డు వాని జేబులనే పోయింది. ఒక్కటి మిగిలింది, బియ్యం గుమ్మిల దాచింది అవ్వ. ఓనాడు జీపు సప్పుడినవడితే దడుచుకొని దాన్ని తీసి పొయిల వెట్టింది. జీపు మా ఇంటికి రానేలే, సక్కగ పోయింది.

పొయి కాడ కూసున్నప్పుడల్ల ఆ చేతులను చూసుకుంటది సార్.  

గప్పుడే ఎవలో పోలీసోళ్లకు చెప్పిన్రు, సొసైటి కంప్యూటర్ల వాని ఫోటో ఉన్నదని. ఎవలు చెప్పిన్రో నాకు తెల్వది. తెలుసుకొని ఏం చేస్త.

ఎస్సై అచ్చిండు. ఇద్దరు కానిస్టేబుళ్లు. నేను గీ కుర్సిలనే ఉన్న. 'తెరువమ్మా, రాములుది చూపెట్టు' అన్నడు.  పేరు కొట్టి ఎంటర్ ఒత్తితే నవ్వుకుంట అస్తడు గద ఆడు. అక్క చేతులతోనే అస్తడు. నేను స్విచ్చి ఏసిన, స్క్రీన్ అప్పుడే ఎలిగింది, గప్పుడే కరెంటు పోయింది.

ఎండకాలం గద, కరెంటు పోతే ఎప్పుడస్తదో ఎవలకు తెలుసు. ఊళ్లె సాంచాలన్ని ఒక్కపారె ఆగినయి. ఎస్సై జెరసేపు చూసిండు, గడియారం చూసుకున్నడు, 'కొంచపోదాం పట్టున్రి' అన్నడు. మానిటర్ తీసిన్రు. దాని కింది డబ్బ తీసిన్రు. కీబోర్డు, మౌసు, నేను కుట్టిన గుడ్డ కవరు సుత తీసిన్రు. దసరాకు మనం కుంకుమ వెట్టినం గద దానికి, గా బొట్టు తోనే జీపెక్కింది.

'ఇంకేమన్న ఉన్నదా?' అన్నడు ఎస్సై పోంగ. మన మేనేజరు లస్మయ్య మామ అన్ని అర్రలు తెరిచి చూపెట్టిండు. మీరు చూడలే ఆయనను, మీరు అచ్చి పోయినంక కుదిరిండు. నూలు అర్రల కానిస్టేబులు బ్యాటరి లైటు కొట్టి చూసిండు. 'గిదేంది?' అన్నడు. మామ ఏమన్నడో తెలుసా? 'వట్టి డబ్బ సార్, దానికి తెర సుత లేదు' అన్నడు.

కానిస్టేబులు 'ఔ' అన్నడు, ఎనుకకు మర్రిండు.

గోడల కెల్లి వైరు కనవడుతనే ఉన్నది సార్. నేను దానికి ఈపు ఆనిచ్చి నిలవడ్డ. జీపు పోయేదాక అట్లనే నిలవడ్డ. వాళ్లు కంప్యూటర్ కొంచవోయినమనుకున్నరు. వట్టి స్క్రీన్లు కొంచవోయిన్రు. గప్పుడు మీకు మనసుల దండం వెట్టుకున్న. మీరు విడదీయకపోతే ఆనాడే వాని మొఖం పోలీసోళ్ల చేతుల ఉండు. గోడలకు అతికిద్దురు. నా తమ్ముడు బతికుండె గద గప్పుడు. ఆడు ఎవ్వలకు కనవడకుంట ఉండుడే నాకు కావాలె.

లస్మయ్య మామ నన్ను కాపాడిండు అనుకున్న. కావాలనే అట్ల చెప్పిండు అనుకున్న. ఆయన దిక్కు చూసి కండ్లతోనే దండం సుత వెట్టిన. ఆయన ఏందో అర్థం గానట్టు చూసిండు. దాస్తున్నడు, తెలివిగల్లోడు అనుకున్న.

నా తెలివి గట్లున్నది.

అటెంక రోజు పొద్దుగాల ఊడ్వనీకి పోయినట్టు నూలు అర్రల వోయేది. మామ ప్లగ్గు పీకిండు, కరెంటు బిల్లు దండుగ అని. సల్లగ ఉండేది డబ్బ. దాని మీద చెయ్యేసేది, దుమ్ము తుడిచేది, వచ్చేది. మానిటర్ ఎవలన్న ఇస్తే చూద్దునా అనిపిచ్చేది. అడుగుదామంటె, ఎందుకంటరు. చూస్తే ఏమస్తది, ఉన్నడు గద లోపల అనుకునేది. అవ్వకు సుత చెప్పలే. చెప్తే ఆమె ఆగదు, వచ్చి డబ్బ కాడ కూసుంటది, అందరికి తెలుస్తది.

ఆషాఢం పోతంది అనంగ పేపర్ల అచ్చింది. ఎదురుకాల్పులు, గుర్తు తెలియని ఇద్దరు. మనకేందిలె అనుకొని పేపర్ మలిచి వెట్టిన. నాలుగొద్దులాగి పేరు బయటికచ్చింది. మేము ఉరికేవరకు పూడ్చివెట్టిన్రు. మొఖం లేదు, ఏం లేదు. ఒక అంగీ చూపెట్టిన్రు. తెల్ల అంగికి నడుమ గుండీ ఎర్ర దారం తోని కుట్టి ఉన్నది. అవ్వ కుట్టిందే. తెల్లది దొరకలేదు అనుకుంట కుట్టింది, ఆడు పోయిన వారం ముందట.

అవ్వ అంగీని ముట్టి చూసింది. ఆనాటి సంది ఒక్కటే మాట. మొఖం చూడకపోతి. కొడుకు మొఖం చూడకపోతి. బువ్వ వెడితే గదే మాట, పండుకొమ్మంటె గదే మాట. గట్టిగ ఏడ్సుడు లేదు సార్, వాకిట్ల ఎవలుంటరో అని భయం. మెల్లగ అనుడు.

గప్పుడు చెప్పిన నేను. 'అవ్వా, మొఖం ఉన్నదే. నా దగ్గరున్నది. నవ్వుకుంట ఉన్నది. దాచిన. పెత్రమాసకు గోడకుంటది' అన్న. చేతుల చెయ్యేసి చెప్పిన. ఆమె నా మొఖం చూసి, లేసి, పొయి ముట్టిచ్చింది. అన్ని దినాలకు ఆనాడు వండుకున్నది.

ఇగ ఇనున్రి. దినాలయ్యేదాక ఆఫీసు గడప తొక్కద్దన్నరు నన్ను. చావు ముట్టు గద. దేవుని పటాలున్నయి, మైలవడ్తయి అన్నరు. రివాజు గదెట్ల తప్పుతది, సరే అన్న. నేను ఇంట్ల కూసున్న గా నడుమనే పంద్రాగస్టు అచ్చింది. జెండ ఎక్కియ్యాలె, పెద్దమనుషులస్తరు, సున్నాలెయ్యాలె అన్నరట. అర్రలన్ని ఖాళీ చేసిన్రు. సాంచాల ఇరిగిన నాడెలు, పాత కండెలు, తుప్పు వట్టిన ఇనుము అంత తీసి పాత సామాన్లోనికి తూకానికేసిన్రు.

ఔ సార్. అది సుత.

దినాలైనంక తానం జేసి అచ్చిన. సక్కగ నూలు అర్రలకే పోయిన. తెల్లగ మెరుస్తంది. గోడకు తూటు సుత సిమెంటు వెట్టి పూడ్చిన్రు, కనవడ్తలేదు. మామా, గా డబ్బేది అన్న. ఏ డబ్బ బిడ్డా అన్నడు. గీ మూలకుంటుండె గద అన్న. 'ఓ, గా స్టెబిలైజరా? కంప్యూటరే పోలీసోళ్లు కొంచవోయిరి, దాని స్టెబిలైజరు మనకెందుకని ఏసేసిన. తెర లేదు, బల్బు లేదు, ఊకె జాగ ఆపుకున్నది' అన్నడు.

స్టెబిలైజరట.

అబద్ధం కాదు సార్. దాస్తలేడు, నటిస్తలేడు. ఆయనకు ముందునుంచి తెల్వదు. కంప్యూటరంటే మొఖమున్నదే కంప్యూటర్ ఆయనకు. ముందుగాల్నే చెప్పకపోయినవా బిడ్డా అంటరేమో మీరు. ఎట్ల చెప్త? చెప్తే ఆయన నోట్లె నాలుగు దినాలాగదు. మంచోడు సార్, తిట్టనీకి సుత మనసు రాదు. గా పాత సామాను పైసలతోని బడిపిల్లలకు చాక్లెట్లు పంచిండట జెండ కాడ. నాక్కూడ ఒకటి తీసి దాచిండు, జేబుల కెల్లి తీసి ఇచ్చిండు. తీసుకున్న. ఏం జేస్త.

పాత సామాన్ల మొగిలి దుకాణానికి ఉరికిన. పాపం మొగిలి అన్ని చెప్పిండు. డబ్బ రేకు రేకుల్ల వోయింది. ఫ్యాను ఎవలో కొన్నరు. లోపల బరువుగ ఇంకో చిన్న డబ్బ ఉండెనట, దాంట్ల అయస్కాంతం మంచిదుంటది అక్కా అని సుత్తెతోని పగలగొట్టిండట. మరి లోపల ఏమున్నయిరా అంటే, గుండ్రటి బిళ్లలున్నయి, ఒకటి వంకరవోయింది, ఒకటి మంచిగనే ఉన్నదన్నడు. ఏదిరా అంటే ఇంటి దిక్కు చూపెట్టిండు.

వాని పెండ్లాం సమ్మక్క దాన్ని దర్వాజకు కట్టుకున్నది. అద్దం. మెరుస్తది గద సార్ హార్డ్ డిస్క్ బిళ్ల, మీరే మాకు చూపెట్టిన్రు సెంటర్ల, చెయ్యి తాకనియ్యద్దు, ఊపిరి సుత వడనియ్యద్దు అన్నరు. ఆమె దాంట్ల చూసుకుంట బొట్టు వెట్టుకుంటంది.

నా తమ్మునిది అక్కా అది అన్న.  ఎట్ల తమ్మునిది అని ఆమె అడగలే. పేపర్ల అచ్చిన సంగతి ఆమెకు తెలుసు. కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది. 'ఆగు, నూనె చేతులంటినయి, గట్లనే ఎట్లిస్త' అన్నది. నేను వద్దు వద్దు అనేవరకు చింతపండు, బూడిద వెట్టి తోమింది. నీళ్లతోని కడిగింది. తన కొత్త చీర కొంగుతోని తుడిచి చేతుల వెట్టింది. దేవుని పళ్లెం ఇచ్చినట్టు ఇచ్చింది.

ఇగో సార్. ఈ గుడ్డల ఉన్నది. విప్పి చూడున్రి.

చూడున్రి, ఎలుగులకు వట్టి చూడున్రి.

...

అడ్డంగ తల ఊపకున్రి సార్. నోటితోని చెప్పున్రి.

హైదరాబాదుల కాదా? బొంబాయిల? గవర్నమెంటోళ్ల దగ్గర పెద్ద మిషన్లుంటయి అంటరు గద? ... ఉహూ. ... సరే. ... వద్దు, ఇంగ్లీషుల చెప్పకున్రి. అర్థమైంది.

నాకు తెలుసు సార్. మీ దగ్గరనే నేర్చుకుంటి గద. సమ్మక్క చింతపండు డబ్బ అందుకున్నప్పుడే తెలుసు. ఏడుపు సుత రాలే. ఇప్పుడు సుత అస్తలేదు చూడున్రి. ఎండిపోయినట్టున్న లోపల. మీరెందుకు కండ్లద్దాలు తీస్తున్నరు? వెట్టుకోన్రి. అవ్వ చూస్తది.

మొన్న పోలీసోళ్లు గీ ముందటి కంప్యూటర్ తెచ్చి సంతకం తీసుకొని పోయిన్రు. ఇగ దాంతోని వాళ్లకేం పని. ఇగో, చూపెట్టేటిది గిది. దాచిపెట్టింది గది. రెండు నా టేబుల్ మీదనే ఉన్నయి. మీరు చెప్పినట్టే, దేనిది దానికే.

మరి తెలిసి ఎందుకు పిలిచినవ్ అంటరా?

అవ్వ కోసం.

బిళ్ల ఇంటికి కొంచవోయిన నాడు ఆమెకు చూపెట్టక తప్పలే. చేతులకు తీసుకున్నది. దీంట్లనే ఉన్నడా అన్నది. ఉన్నడు అన్న. ఏడి, నా మొఖమే కనవడ్తంది గద అన్నది. చూపెట్టేటిది వేరే ఉంటది అవ్వా, ఇది వట్టిగ దాచుకునేటిది అన్న.  అటిటు తిప్పింది. 'జగిత్యాల సారుకు తెలుస్తదా ఉన్నడో లేడో' అన్నది. నా మీద నమ్మకం లేక కాదు. నేను ఆమె బిడ్డను, ఆమె కోసం అబద్ధమాడుతనని ఆమెకు తెలుసు. మీరైతే పరాయోళ్లు, చదువుకున్నోళ్లు, అది చేసినోళ్లు. మీ మాటైతే మాట.

ఆమెను పిలుస్త సార్. ఒక్కటే అడుగుతది మిమ్ముల. నా కొడుకు దీంట్ల ఉన్నడా అని. ఉన్నడు అనున్రి. కనవడడు అని చెప్పున్రి, పరవాలేదు, అది నేను చెప్పిన, తట్టుకుంటది. గని ఉన్నడు అనున్రి.

అబద్ధమా? మీకు అబద్ధమంటే గంత కష్టమా సార్? లోపల ఒక్క పేరు లేకున్నా స్వాగతం అనేటి స్క్రీన్ మీరే చేస్తిరి గద. మా అవ్వకు ఒక్క మాట చెప్పనీకి నోరు రాదా? ఏం పోతది మీది? బస్సెక్కి పోతరు. మేము ఎల్లుండి బియ్యమియ్యాలె.

అరే, సప్పుడు చేస్తలేరేంది? సరే. మీ ఇష్టం. ఊ అనున్రి, సాలు.

అవ్వా! లోపలికి రాయె. రా, ఏం కాదు, చెప్పులతోనే రా. ఈడ కూసో. సారు చూసిండు. మంచిగ ఎలుగులకు వట్టి చూసిండు. ... లేదవ్వా, తెర మీదికి రాడట. అది ఖరాబైందట. ... ఆఁ. ఆఁ, గదే అడిగిన. నువ్వే అడుగు, ఈడనే ఉన్నడు గద సారు.

సార్, అడుగుతంది.

సార్.

...

ఊ అన్నడు అవ్వా. సాంచాల సప్పుడుకు నీకు ఇనరాలే. నాకు ఇనవడ్డది, ఊ అన్నడు. ఉన్నడట. ... ఔ, నవ్వుకుంటనే ఉన్నడట. ... కండ్లు తుడుచుకో. బిళ్లకు నడుమ తూటున్నది గద, గోడకు కొట్టిన మొలకు మంచిగనే వడ్తది. పా, పోదాం. పోంగ పోంగ దుకాణంల ఒక మొల తీసుకుందాం.

సార్, మీరు సుత లేవున్రి. బస్సు పోతది.